జీపు కిందికి దిగాలి... చక్రం కదలిక పోరాదు!
ఎత్తు లేపిన బండ్లతో కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో కొత్త చిక్కు

కామారెడ్డి: ఒకప్పుడు జీపును ఎంత ఎత్తు లేపితే అంత గొప్ప. ఇప్పుడు లేపిన జీపును మళ్లీ కిందికి దించమని మెకానిక్ షెడ్డుకు తెచ్చేవారు కనిపిస్తున్నారు. దించడం పెద్ద పని కాదు. నాలుగు కమాను పట్టీలు ఊడదీస్తే బండి దానంతట అదే కూర్చుంటుంది. కానీ అలా దించిన బండి చెలక బాట పట్టగానే ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకొని నడుములు విరగగొడుతుంది. బండి ఎత్తు తగ్గాలి, గుంతలో చక్రం పైకీ కిందికీ ఆడే వీలు మాత్రం తగ్గరాదు. ఈ రెండూ ఒకేసారి కుదిరేలా చేయడంలోనే పనితనమంతా వున్నది.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి, అక్కడి నుంచి నాగిరెడ్డిపేట, నిజాంసాగర్, గాంధారి పల్లెలకు వెళ్లే దారులు వెనుకటి తరం వారికి బాగా గుర్తు. వానాకాలం వస్తే ఒర్రెలు పొంగేవి, రేగడి నేలలో బండి చక్రాలు ఇరుసు దాకా దిగబడేవి. బస్సు రాని ఊళ్లకు జీపే దిక్కు. రైలు దిగి కామారెడ్డి స్టేషను బయటికి వచ్చిన వారు జీపు వెనుక బెంచీల మీద ఒకరి మీద ఒకరు కూర్చొని ఊళ్లు చేరిన రోజులవి. బరువుకు కమాన్లు కూర్చునేవి. దానికి జీపు యజమానులు కనిపెట్టిన ఉపాయం కమాను కట్టలో అదనంగా రెండు, మూడు పట్టీలు వేయించడం. బండి ఎత్తు పెరిగింది, బరువు మోసింది. ఆ అలవాటే తర్వాత ఒక మోజుగా మారింది.

ఈ జీపుల చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. అమెరికా సైన్యం కోసం 1941లో విల్లీస్ కంపెనీ భారీగా తయారు చేయడం మొదలుపెట్టిన బండి ఇది. మన దేశంలో మహీంద్రా వారు 1947లో వీటిని బిగించి అమ్మడం ప్రారంభించారు. తర్వాత వచ్చిన సి.జె. 3బి, 1980లలో వచ్చిన ఎం.ఎం. 540, ఆ వెనుక కమాండర్, మార్షల్ బండ్లు తెలంగాణ పల్లెల్లో తిరగని ఊరు లేదు. ఈ జీపులన్నింటికీ వెనుకా ముందూ కమాన్లే. ఎద్దుల బండికి లేని సుఖం జీపుకు వున్నదంటే ఆ కమాన్ల వల్లనే.

ఇప్పుడు దారులు మారాయి. 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైన తర్వాత చాలా పల్లెలకు తారు రోడ్లు వచ్చాయి. కామారెడ్డి పక్కనుంచి పోయే పాత 7వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 44వ నంబరుతో వెడల్పాటి బాట అయింది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక కచేరీ పనులకు పల్లెల నుంచి రాకపోకలు కూడా పెరిగాయి. దిగబడే బాట కోసం లేపిన జీపు ఈ తారు రోడ్డు మీద వేగంగా పోతున్నది. ముప్పు అక్కడే వున్నది.

ఎత్తు పెరిగితే ఏమవుతుంది?

ఎత్తుగా గడ్డి వేసిన ఎద్దుల బండి పొలం ఒడ్డు ఎక్కేటప్పుడు ఎందుకు ఒరుగుతుందో పల్లెవారికి చెప్పనక్కర లేదు. బరువు పైకి పోయింది, చక్రాల మధ్య దూరం మాత్రం పెరగలేదు. జీపుకూ అదే లెక్క.

పాత జీపుకు ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి మధ్య దూరం సుమారు 48 అంగుళాలు. అంటే బండి నడిమధ్య నుంచి ఒక్కో పక్కకు 24 అంగుళాలు. బండి బరువంతా ఒక చోట కూడినట్టు లెక్కిస్తే ఆ చోటు నేల నుంచి 26 అంగుళాల ఎత్తులో వున్నదనుకుందాం. అప్పుడు బండి పక్కకు దాదాపు 43 డిగ్రీలు వంగితే తప్ప బోల్తా పడదు. అదే బండిని 5 అంగుళాలు లేపితే 38 డిగ్రీలకే పడుతుంది. ఇక పైన టాపు మీద మూటలు, మనుషులు ఎక్కి ఆ బరువు కేంద్రం 36 అంగుళాలకు పోతే 34 డిగ్రీలకే పని అయిపోతుంది. ఇది కదలకుండా నిలబెట్టిన బండి లెక్క. మలుపులో కమాన్లు ఒక పక్కకు ఒరిగి, చక్రం రోడ్డు అంచు దిగితే ఇంకా చాలా ముందే తిరగబడుతుంది. పిల్లను బడికి దింపి వస్తూ ఎదురుగా బర్రె అడ్డం వస్తే స్టీరింగు ఒక్కసారి తిప్పే సందర్భం రోజూ వుంటుంది. ఆ ఒక్క తిప్పులో ఈ డిగ్రీల తేడాయే ప్రాణాల మీదికి వస్తుంది.

మరో ఇబ్బంది గురించి జీపు మోజు పడేవారు ఆలోచించరు. నిండు చూలాలిని, నడుము పట్టేసిన ముసలమ్మను ఆ ఎత్తు బండిలోకి ఎక్కించడం ఎంత కష్టమో చూస్తే తెలుస్తుంది. వెనుక స్టూలు వేసి, ఇద్దరు రెక్కలు పట్టి లేపాలి. అర్ధరాత్రి ఎల్లారెడ్డి దవాఖానకు పోవలసి వచ్చినప్పుడు ఊళ్లో వున్న ఒక్క బండి అలాంటిదైతే ఆ ఇంటివారి అవస్థ చెప్పనలవి కాదు.

ఎత్తు లేపినవారు చెప్పే ముఖ్యమైన కారణం ఒకటి వున్నది. బాట మధ్యలో వుండే మిట్టకు బండి కింది భాగం తగలకూడదని. ఇది సగమే నిజం. వెనుక ఇరుసు మధ్యలో గుండులా ఉబ్బి వుండే డిఫరెన్షియల్ పెట్టె ఇరుసుతోనే వుంటుంది కాని బాడీతో కాదు. కమాన్లు ఎన్ని వేసి బాడీని ఎంత లేపినా ఆ గుండు అంగుళం కూడా పైకి పోదు. బండ్ల బాట నడుమ రాయికి తగిలేది చాలాసార్లు ఆ గుండే. దానిని పైకి లేపేది టైరు ఒక్కటే. అదీ టైరు ఎత్తు రెండు అంగుళాలు పెరిగితే గుండు ఒక్క అంగుళమే పెరుగుతుంది. కనుక కమాన్లతో లేపిన జీపును కమాన్లతోనే దించితే గుండు కింది ఖాళీ ఏ మాత్రం తగ్గదు. ఈ మాట తెలియక దించడానికి భయపడుతున్నవారు చాలామంది.

చక్రం కదలిక అంటే...

బండి సమంగా నిలబడి వున్నప్పుడు చక్రం పైకి ఎంత పోగలదు, కిందికి ఎంత జారగలదు అన్న రెండు కొలతలు కలిస్తే చక్రం కదలిక. పైకి పోవడాన్ని ఛాసిస్ కింద బిగించిన రబ్బరు దిమ్మె ఆపుతుంది. కిందికి జారడాన్ని మామూలుగా షాక్ అబ్జార్బర్ పొడవు ఆపుతుంది.

ఉదాహరణకు ఒక జీపు కంపెనీ నుంచి వచ్చినప్పుడు చక్రం పైకి 3 అంగుళాలు, కిందికి 4 అంగుళాలు ఆడేదనుకుందాం. మొత్తం 7. దానికి పట్టీలు వేసి 3 అంగుళాలు లేపారు, షాక్ అబ్జార్బర్లు పాతవే వుంచారు. ఇప్పుడు రబ్బరు దిమ్మెకు, ఇరుసుకు మధ్య 6 అంగుళాల ఖాళీ కనిపిస్తుంది. చూసినవారు కదలిక పెరిగిందనుకుంటారు. కానీ షాక్ అబ్జార్బర్ అప్పటికే 3 అంగుళాలు సాగి వున్నది. కిందికి జారడానికి మిగిలింది ఒక్క అంగుళమే. గుంత రాగానే చక్రం గాలిలో వేలాడుతుంది. పైకి 6 అంగుళాల ఖాళీ వున్నా, గట్టిబడిన కమాను వంగదు కనుక ఆ ఖాళీ దండగ. వెరసి ఎత్తు లేపిన బండిలో చక్రం కదలిక కాగితం మీద తప్ప బాట మీద వుండదు.

ఇలా పట్టీలు వేసి లేపిన బండిని తిరిగి 3 అంగుళాలు దించితే కదలిక పోవడం కాదు, పోయినదే తిరిగి వస్తుంది. అయితే అక్కడితో ఆగాలి. పట్నం కుర్రకారును చూసి ఇంకో రెండు అంగుళాలు దించితే పైకి పోయే మేర ఒక్క అంగుళం మిగులుతుంది. అప్పుడు ప్రతి గుంతకూ రబ్బరు దిమ్మె మీద దెబ్బ పడుతుంది.

పట్టీ మందంలో వున్నది కిటుకు

కమాను కట్ట గట్టిదనం పట్టీల లెక్కను బట్టి, మందాన్ని బట్టి, పొడవును బట్టి వుంటుంది. ఏడు పట్టీల కట్టకు అదే మందం పట్టీలు ఇంకో రెండు వేస్తే గట్టిదనం పావు వంతుకు పైగా పెరుగుతుంది. ఇది పరవాలేదు. కానీ మందం విషయం వేరు. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. 6 మిల్లీమీటర్ల జీపు పట్టీకి బదులు పాత లారీది 10 మిల్లీమీటర్ల పట్టీని అదే పొడవుకు కోసి వేస్తే ఆ ఒక్క పట్టీయే దాదాపు నాలుగున్నర జీపు పట్టీల పని చేస్తుంది. పాత ఇనుము అంగడిలో చవకగా దొరికిందని లారీ పట్టీ వేయించినవారి జీపు ఎందుకు రాతి బండలా కొడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

కనుక దించేటప్పుడు ముందు చూడవలసింది ఏ పట్టీ తర్వాత చేరిందో. కట్టను విప్పి ఒక్కో పట్టీ మందం కొలిస్తే దొంగ పట్టీ దొరుకుతుంది. దానిని తీయాలి. చెవులున్న మెయిన్ పట్టీని, దాని చెవులను చుట్టుకొని వుండే రెండో పట్టీని ఎట్టి పరిస్థితిలోనూ తీయరాదు. మెయిన్ పట్టీ విరిగితే ఇరుసును పట్టుకొని వుండేది ఆ రెండోదే. పట్టీల మధ్య తుప్పు గీకి, నూనెతో తుడిచి బిగిస్తే తుప్పు పట్టి బిగిసిన కట్ట కూడా మెత్తగా వంగుతుంది. ఈ తుడుపు పనికి కూలి తప్ప ఖర్చు లేదు. అయినా చాలా షెడ్లలో చేయరు.

కొందరు కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సుత్తెతో కొట్టి వంపు తగ్గిస్తారు. ఇది నమ్మరాదు. కమాను ఉక్కుకు బలం వచ్చేది దానిని సుమారు 850 నుంచి 900 డిగ్రీల వరకు కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడి మీద పదును సరిచేయడం వల్ల. ఊరి కొలిమిలో ఎర్రగా కాల్చి గాలికి చల్లారనిస్తే ఆ పదును పోతుంది. మొదట బాగానే వుంటుంది. నాలుగు నెలలకు పట్టీ చప్పబడుతుంది, బండి ఒక పక్కకు ఒరుగుతుంది. నాగలి కర్రుకు సానపట్టే చేతికి తక్కువ పనితనం వున్నదని కాదు. కర్రుకు కావలసిన పదును వేరు, కమానుకు కావలసిన పదును వేరు. కాల్చకుండా చల్లగానే మిషను మీద వంపు మార్చే కమాన్ల వర్కుషాపులకు ఇవ్వడం మంచిది. అంతకంటే మంచిది, ఆ బండికి కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం వుండే కొత్త కట్ట వేయడం.

ఎరువుల బస్తాలు వేసే రైతుకు ఇంకో సందేహం వస్తుంది. పట్టీలు తీస్తే బరువెవరు మోస్తారని. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు. పది బస్తాలంటే 450 కిలోలు. నిజమే, మెత్తని కట్ట మీద అంత బరువు వేస్తే వెనుక భాగం కూర్చుంటుంది. దీనికి హెల్పర్ కమాను వున్నది. ఇది పై కట్టకు తగలకుండా ఎడంగా వుంటుంది. ఖాళీ బండిలో పని చేయదు, బరువు పడి బండి దిగినప్పుడే పట్టుకుంటుంది. ఖాళీగా వున్నప్పుడు మెత్తన, బరువులో గట్టి. మామూలు కట్టలోనే పట్టీలు కూరితే ఖాళీ బండికీ బరువు బండికీ ఒకటే గట్టిదనం. అయితే రిజిస్ట్రేషను కాగితంలో రాసిన బరువుకు మించి ఏ కమానూ అనుమతి ఇచ్చినట్టు కాదు.

ఎత్తు ఎలా లేపారో అలాగే దించాలి

అన్ని జీపులనూ పట్టీలతోనే లేపలేదు. పాత జీపుల్లో కమాను ఇరుసు కింద వుంటుంది. దానిని తీసి ఇరుసు పైకి ఎక్కిస్తే ఒక్క దెబ్బకు ఐదు అంగుళాల వరకు బండి లేస్తుంది. ఇలా లేపిన బండిని దించాలంటే కమానును తిరిగి ఇరుసు కిందికి తేవాలి. ఇందులో కమాను మెత్తదనం మారదు. కానీ ఇరుసు ఛాసిస్‌కు ఐదు అంగుళాలు దగ్గరవుతుంది కనుక పైకి పోయే మేర తగ్గుతుంది. లేపినప్పుడు కొందరు రబ్బరు దిమ్మె కింద పొడవాటి ఇనుప ముక్క అతికిస్తారు. దించేటప్పుడు దానిని తీయకపోతే చక్రం పైకి కదలనే కదలదు. దిమ్మెను మాత్రం పూర్తిగా కోసివేయరాదు. అది లేకపోతే ఇరుసు నేరుగా ఛాసిస్‌ను, ముందు భాగంలో ఇంజను ఆయిల్ తొట్టిని కొడుతుంది.

కమాను చివర వేలాడే షాకిల్‌ను పొడవు చేసి లేపినవారు కూడా వున్నారు. షాకిల్ రెండు అంగుళాలు పొడవైతే బండి లేచేది ఒక్క అంగుళమే, ఇరుసు కమాను నడుమ వుంటుంది కనుక. దించాలంటే కంపెనీ కొలత షాకిల్ వేస్తే చాలు. అయితే షాకిల్ వాలు చూడాలి. కమాను వంగినప్పుడు పొడవు సాగుతుంది, ఆ సాగుడుకు షాకిల్ వెనక్కి ఊగుతుంది. బండి నిలబడి వున్నప్పుడే షాకిల్ పూర్తిగా వాలిపోయి వుంటే కమానుకు సాగే చోటు వుండదు. కమాను ఎంత మెత్తనిదైనా అప్పుడు కర్రలా బిగుసుకుంటుంది.

ఇరుసుకు, దాని పైని కమానుకు మధ్య ఇనుప దిమ్మె పెట్టి వెనుక భాగం లేపిన బండ్లలో దిమ్మెను తీసి, తగిన పొడవు యూ బోల్టులు కొత్తవి వేస్తే సరి. దిమ్మె మీద దిమ్మె పేర్చిన బండి గాని, ముందు ఇరుసుకు దిమ్మె పెట్టిన బండి గాని కనిపిస్తే యజమాని ఆ రోజే తీయించుకోవడం మంచిది. బ్రేకు వేసినప్పుడు ముందు ఇరుసు మెలి తిరుగుతుంది, దిమ్మె జారితే స్టీరింగు చేతిలో వున్నా లేనట్టే.

కొత్త బండ్ల తీరు వేరు. 2010లో వచ్చిన థార్‌లో ముందు కమాన్లు లేవు. మెలి తిరిగే పొడవాటి టార్షన్ కడ్డీలు వుంటాయి. వాటి బోల్టు బిగించి ఎత్తు పెంచుతారు. బోల్టు ఎంత బిగించినా కడ్డీ గట్టిపడదు, కానీ చక్రం కిందికి జారే మేర కరిగిపోతుంది. చిన్న గుంతకు కూడా ముందు నుంచి ‘టక్కు’ మని చప్పుడు వస్తుంటే కారణం అదే. బోల్టును రెండు పక్కలా సమంగా వదులు చేసి, వెంటనే చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి. 2020 తర్వాతి థార్‌కు నాలుగు చక్రాలకూ చుట్టల స్ప్రింగులు. వాటి మీద పెట్టిన రబ్బరు, ఇనుప బిళ్లలు తీస్తే బండి మొదటి ఎత్తుకు వస్తుంది. స్ప్రింగు చుట్ట ఒకటి కోసివేసి దించడం మాత్రం మూర్ఖపు పని. చుట్టలు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, బండి దిగుతుంది. పైకి పోయే చోటూ తగ్గె, మెత్తదనమూ తగ్గె.

మరచిపోయేవి ఇవే

దించిన తర్వాత బండి బాగానే నడుస్తున్నదని యజమాని సంతోషిస్తాడు. పది రోజులకు గేరు పెట్టె దగ్గర ఊళ వస్తుంది. ఇందుకు కారణం చాలాసార్లు ప్రొపెల్లర్ షాఫ్టు. బండిని లేపినప్పుడు గేరు పెట్టెకు, ఇరుసుకు మధ్య దూరం పెరిగిందని షాఫ్టును పొడవు చేయించి వుంటారు. దించినప్పుడు ఆ దూరం మళ్లీ తగ్గింది, షాఫ్టు మాత్రం పొడవుగానే వున్నది. పెద్ద గుంతలో ఇరుసు పైకి లేవగానే షాఫ్టు లోపలికి జారే చోటు అయిపోయి గేరు పెట్టె బేరింగును గుద్దుతుంది. కమాను పూర్తిగా వంగినప్పుడు కూడా షాఫ్టు జారే జాయింటులో అంగుళం ఖాళీ మిగలాలి. ఈ ఒక్కటి చూడని కారణంగా వేల రూపాయల గేరు పెట్టె పోగొట్టుకోవడం సబబు కాదు.

షాక్ అబ్జార్బర్ సంగతీ ఇంతే. లేపినప్పుడు పొడవాటివి వేసి వుంటే దించాక అవి రబ్బరు దిమ్మె కంటే ముందే ముడుచుకొని ఆగిపోతాయి. అప్పుడు బండి బరువంతా షాక్ అబ్జార్బర్ బ్రాకెట్టు మీద పడి వెల్డింగు ఊడుతుంది. పూర్తిగా ముడిచినప్పటి పొడవు, పూర్తిగా సాగినప్పటి పొడవు రెండూ కొలిచి, బండి నిలబడి వున్నప్పుడు కడ్డీ ఇంచుమించు నడిమధ్యన వుండేలా చూసుకోవాలి.

లేపినప్పుడు ముందు ఇరుసు వాలు సరిచేయడానికి కమాను కింద ఏటవాలు బిళ్లలు పెడతారు. అవి అలాగే మిగిలితే స్టీరింగు వణుకుతుంది, లేదా ఒక పక్కకు గుంజుతుంది. బ్రేకు గొట్టాలు పొడవైనవి వుంటే టైరుకు రాసుకోకుండా కట్టాలి. కమాను బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద వున్నప్పుడు బిగించరాదు. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడిన తర్వాతనే బిగించాలి. లేకపోతే రబ్బరు బుష్ మెలి తిరిగిన స్థితిలోనే బిగుసుకొని తొందరగా చిరుగుతుంది. తెలిసిన మెకానిక్‌కూ తెలియని మెకానిక్‌కూ తేడా ఇలాంటి చోట్లే కనిపిస్తుంది.

టైరు తగ్గిస్తే కమాన్ల జోలికి పోకుండానే బండి దిగుతుంది, చక్రం కదలికా మారదు. గుండు కింది ఖాళీ మాత్రం తగ్గుతుంది. 30 అంగుళాల టైరు వేసిన బండికి కంపెనీ ఇచ్చిన 28 అంగుళాల టైరు తిరిగి వేస్తే ఇంకో లాభం కూడా. పెద్ద టైరుతో మీటరు 60 చూపినప్పుడు బండి నిజంగా 64 కిలోమీటర్ల వేగంతో పోయేది. ఇక ఆ తేడా పోతుంది.

పరీక్షకు మిషన్లు అక్కర లేదు. పొలం ఒడ్డు చాలు. బండి ముందు చక్రం ఒకటి నెమ్మదిగా ఒడ్డు మీదికి ఎక్కించి ఆపాలి. తక్కిన మూడు చక్రాలు నేలను వదలకుండా వుండాలి. ఎక్కిన చక్రం మడ్‌గార్డుకు తగలకూడదు. రబ్బరు దిమ్మెకు ఇరుసు ఆనీ ఆననట్టు వుండాలి. తర్వాత రెండో పక్క. ఆ తర్వాత వెనుక చక్రాలు. ఇదంతా ఖాళీ బండితో ఒకసారి, రోజూ వేసే బరువుతో ఒకసారి చేయాలి. కొలతలు తీసేటప్పుడు నేల నుంచి బంపరు దాకా కాకుండా చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలవాలి, టైరులో గాలి తేడాతో లెక్క తప్పకుండా.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ప్రమాదం జరిగినప్పుడు తెలుస్తుంది. మార్చిన బండి అని తేలితే బీమా సొమ్ము దగ్గర పేచీ మొదలవుతుంది. కనుక కంపెనీ ఎత్తుకు దించుకోవడం చట్టానికి ఎదురు పోవడం కాదు, చట్టంలోకి తిరిగి రావడం. దాని కంటే కిందికి దించడం మళ్లీ మార్పే.

ఎత్తు బండి వుంటే వాగు దాటవచ్చునన్న ధీమా కూడా కొందరిలో వున్నది. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోత వానలు చూసినవారు ఆ మాట అనలేరు. జాతీయ రహదారి దెబ్బతిన్నది, రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. జీపు అడుగు భాగం సుమారు 4 చదరపు మీటర్లు వుంటుందనుకుంటే, దాన్ని దాటి నీరు 10 సెంటీమీటర్లు లేచేసరికి 400 కిలోల బలంతో బండిని పైకి తోస్తుంది. 25 సెంటీమీటర్లు లేస్తే టన్ను. జీపు బరువే టన్ను పైచిలుకు. చక్రాలు నేల మీద పట్టు వదలడానికి ఇంకేం కావాలి? పారే నీరు రెండడుగులుంటే పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయని లెక్కలు చెబుతున్నాయి. మూడు అంగుళాలు లేపినంత మాత్రాన వాగు ఒప్పుకోదు.

బండి దించిన రాత్రే ఒక గోడ ముందు నిలబెట్టి హెడ్‌లైట్లు సరిచేసుకోవాలి. లేపిన బండి లైట్లు ఎదురుగా వచ్చే సైకిలు మనిషి కళ్లలో పడేవి, దించాక మరీ కాళ్ల ముందే పడవచ్చు. కొత్త కమాను కట్ట మొదటి కొద్ది రోజుల్లో కొంత కూర్చుంటుంది. అందుకని వారం, పది రోజులు తిరిగిన తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించి, నాలుగు చక్రాల దగ్గర కొలతలు మరోసారి చూసి, లైట్లు ఇంకోసారి గోడకు కొట్టించుకుంటే పని పూర్తయినట్టే.